ఆపకూడని బండి

మా నాన్న, బాపు, లోపల ఉన్నంతసేపు బండి ఇంజన్ ఆపకూడదని మా ఇంట్లో ఒక నియమం ఉండేది. దవాఖాన ముందు నిలబెట్టినా, కూరగాయల కోసం అంగడి దగ్గర రెండు నిమిషాలు దిగినా, రైల్వే గేటు పడినా అది అలా దడదడలాడుతూ ఉండాల్సిందే. డీజిల్ బంకులో ఆపక తప్పదు కాబట్టి బాపును ఎక్కించుకోకముందే వెళ్లి పోయించుకొచ్చేదాన్ని. బంకులో పిల్లలు నన్ను చూసి నవ్వేవాళ్లు. ఒక్కదాన్నే వచ్చి, ట్యాంకు నిండా పోయించుకుని, తిరిగి ఇంటికే వెళ్లిపోయే మనిషిని వాళ్లు ఇంకెక్కడా చూసి ఉండరు.

ఆ నియమం బాపు పెట్టిందే. పాటించింది మాత్రం నేను. బాపు కంటే నాకే ఎక్కువ భయం కాబట్టి ఇంకా గట్టిగా పాటించాను.

బాపు తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. మా ఊరు చంద్లాపూర్ చుట్టుపక్కల ఆయన ఎక్కని తాడు లేదంటే గొప్పలు పోయినట్టు ఉంటుంది కానీ, చాలా తాళ్లకు ఆయన కాళ్ల గుర్తులున్నాయి. ఒక వానాకాలం పొద్దున మట్ట మీద కాలు జారి పడ్డాడు. ప్రాణం దక్కింది. నడుము కింది నుంచి స్పర్శ పోయింది. చేతులు మాత్రం అప్పటికీ ఇప్పటికీ ఇనుమే. చెట్టుకూ నడుముకూ కలిపి వేసుకునే మోకును అవ్వ, అంటే మా అమ్మ, పొయ్యిలో పెడతానంటే ఒప్పుకోలేదు. "గది తెగలే. జారింది నేను. దాన్నేమనకు" అని మేకుకు తగిలించమన్నాడు. మంచంలో పడుకుంటే కనిపించే చోటనే తగిలించమన్నాడు.

బాపు కూర్చోలేడు కాబట్టి ఆటోలో తీసుకుపోవడం కుదరదు. అందుకని ఒక టెంట్ హౌస్ ఆయన దగ్గర ఈ పాత డీజిల్ బండిని కొన్నాం. ఎన్ని పెళ్లిళ్లు చూసిన బండో ఏమో, ఇప్పటికీ సీటు సందుల్లో వేలు పెడితే తలంబ్రాల బియ్యం దొరుకుతాయి. వెనక సీట్లు పీకించి, పరుపు వేసి, దాని మీద బాపు గొంగడి పరిచాం. నడిపేది నేనే. మా ఇంటాయన ఆర్టీసీలో కండక్టరు. జీవితమంతా బండిలో నిలబడి తిరిగిన మనిషి, స్టీరింగు ముందు కూర్చోమంటే మాత్రం చెమటలు పట్టి దిగిపోయాడు. నాకు సిద్దిపేటలో చిన్న జిరాక్సు దుకాణం ఉంది. మిషన్లంటే భయం లేదనుకున్నాను. జిరాక్సు మిషను మనిషిని లోపల పెట్టుకుని తిరగదని నాకు ఆలోచన రాలేదు.

కోహెడలో చుట్టాలింట్లో పాపను తొట్టెలలో వేస్తున్నారంటే ఎండాకాలంలో బాపును తీసుకుని వెళ్లాం. నేనూ బాపూ ఇద్దరమే. తిరుగు దారిలో, నడి మధ్యాహ్నం, ఒక స్పీడ్ బ్రేకరు దగ్గర ఇంజన్ ఆగిపోయింది. సెల్ఫ్ కొట్టాను. కొట్టాను, కొట్టాను, బ్యాటరీ గొంతు సన్నబడేదాకా కొట్టాను. అటూ ఇటూ పత్తి తీసేసిన చేన్లు. నీడ లేదు. మనిషి లేడు. వెనక్కి తిరిగి చూస్తే బాపు నోరు తెరిచి గాలి పీలుస్తున్నాడు. నేను నీళ్లు తాగించాను, కొంగుతో విసిరాను, రోడ్డు మీదికి పోయి చేతులూపాను, మళ్లీ వచ్చి విసిరాను. ఆయన్ను కిందికి దించే బలం నాకు లేదు, దించినా పడుకోబెట్టడానికి కాలే తారు తప్ప ఏమీ లేదు. చాలాసేపటికి ట్రాలీలో కూలీలు వస్తే తోశారు. బండి కదిలి, దగ్గి, అందుకుంది.

ఇంటికొచ్చాక అవ్వ చూసింది. బాపు కుడి కాలు ఎప్పుడో పరుపు మీంచి జారి, మడమ బండి అడుగు రేకుకు ఆనుకుని ఉంది. ఆ రేకు కిందనే పొగ గొట్టం పోతుంది. ఉడకబెట్టిన ఆలుగడ్డకు పొట్టు లేచినట్టు మడమ మీద తోలు లేచింది. బాపుకు తెలియనే లేదు. అవ్వ చూపిస్తే, ఎవరిదో కాలు చూసినట్టు చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, "బిడ్డా, నేను లోపటున్నప్పుడు ఇంక బండి ఆపకు" అన్నాడు. అంతకుముందు బాపు నన్ను ఏదీ అట్లా బతిమాలినట్టు అడగలేదు.

ఆ పుండు మానలేదు. స్పర్శ లేని చోట పుండు మానడం కష్టమని సిద్దిపేట పెద్ద దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. వారం వారం తీసుకొచ్చి కడిగించి కట్టు కట్టించుకోవాలి. ఎముకదాకా పోతే మాత్రం కాలు తీసెయ్యాల్సి వస్తుంది. చుట్టాల్లో ఒకాయన, "ఎట్లాగూ పని చెయ్యని కాలే కదా" అన్నాడు. నా చేతిలో అప్పుడు చాయ్ గ్లాసు ఉంది. ఆయన ఇంటికి క్షేమంగానే పోయాడు కానీ, ఆ చాయ్ ఆయన తాగలేదు. బాపు ఆ రాత్రి అవ్వతో, "గా కాలుతోనే గదనే తాడెక్కింది, పైకి పోయిననాడు మొత్తం పోతా" అన్నాడట.

అప్పటి నుంచి వారానికొకసారి సిద్దిపేట. అక్కడ వరుస పెద్దగా ఉంటే బాపు బండిలోనే పడుకుని ఎదురుచూసేవాడు, ఇంజన్ ఆగకుండా నడిచేది. కొన్నిసార్లు పూటంతా అలాగే. వాచ్‌మన్ వచ్చి పొగ అని గొణిగేవాడు. నేను ఆయనకు చాయ్ తాగించేదాన్ని. డీజిల్ కాలుతుంటే నా ప్రాణం కాలేది, అయినా ఆపేదాన్ని కాదు. ఆపితే మళ్లీ అందుకోకపోతే? ఆ ఆలోచన ఒక్కటి చాలు, తాళం చెవి వైపు చెయ్యి వెళ్లేది కాదు.

చలికాలానికి బండి పొద్దున పూట మొరాయించడం మొదలైంది. సెల్ఫ్ తిరుగుతుంది, గిరగిరా తేలిగ్గా తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు. మా ఇల్లు రంగనాయక సాగర్ కట్ట వైపు ఎత్తులో ఉంటుంది కాబట్టి రాత్రి బండిని మూతి పల్లానికి పెట్టి నిలబెట్టడం నేర్చుకున్నాం. పొద్దున్నే రెండో గేరులో వేసి, క్లచ్చు తొక్కి వదిలేస్తే, వాకిళ్లు ఊడ్చే ఆడవాళ్లంతా తప్పుకుంటుండగా కిందికి జారి అందుకునేది. తెల్లపొగ వీధంతా కమ్మేది. మా ఇంటాయన దానికి 'మొదటి బస్సు' అని పేరు పెట్టాడు.

షెడ్డుకు తీసుకెళ్లాను. మెకానిక్ మా కంటే చిన్నవాడు, మాటలు పెద్దవి. బానెట్టు లేపి చెవి పెట్టి విని, "ఏం లేదక్కా, హీటర్ ప్లగ్గులు పోయినయి. నాజిళ్లు కడుగుత. ఇగ చూడు, గుర్రమే" అన్నాడు. నిజంగానే కొన్నాళ్లు గుర్రంలా ఉంది. తర్వాత పొగ తెలుపు పోయి నీలం వచ్చింది. ఇంజన్ ఆయిలు తాగడం మొదలుపెట్టింది. ఆయిలు చూసే కడ్డీ తీసినప్పుడల్లా గుర్తు కింద ఉండేది. తక్కువైతే ఇంజన్ పట్టేస్తుందని ఎవరో అన్నారు. పట్టేస్తే ఆగిపోతుంది. అందుకని నేను గుర్తు దాకా కాదు, గుర్తు దాటి పోసేదాన్ని. భయపడ్డ మనిషి కొలత అలాగే ఉంటుంది.

ఆ రోజు దవాఖానలో కట్టు కట్టించి, ఇద్దరు మనుషుల సాయంతో బాపును వెనక పడుకోబెట్టి, మందుల కోసం పోయి వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాను. ఇంజన్ ఎప్పట్లాగే నడుస్తోంది. గేరు వేయబోతుంటే దాని గొంతు మారింది. నేను తొక్కకుండానే రేస్ పెరుగుతోంది. నా కాలే పెడలు మీద ఉందేమోనని కిందికి చూశాను. రెండు కాళ్లూ పైకెత్తి సీటు మీద పెట్టుకున్నాను. అయినా పెరుగుతూనే ఉంది. డాష్‌బోర్డు మీద ముల్లు కొట్టుకుంది, బండంతా ఊగడం మొదలైంది, వెనక నుంచి నీలం పొగ లేచి ఆవరణంతా కమ్మింది. చెట్టు కింద అన్నం తింటున్న జనం టిఫిన్లు వదిలేసి పరుగెత్తారు.

ఆ నియమం పెట్టాక, బాపు లోపల ఉండగా అప్పుడే మొదటిసారి నేను బండి ఆపడానికి తాళం తిప్పాను.

ఆగలేదు. తాళం చెవి బయటికి తీసి చేతిలో పట్టుకున్నాను. అయినా ఆగలేదు. ఇంకా కేక పెట్టింది. ఇన్నాళ్లూ ఆగిపోతుందని చచ్చిపోయిన నాకు, ఆగకపోవడమనేది ఒకటి ఉంటుందని ఎవరూ చెప్పలేదు. దూకి వెనక తలుపు తీశాను. బాపు చంకల కింద చేతులు వేసి గుంజాను. కదల్లేదు. బాపు ఒంట్లో సగం బరువు నాకు సాయం చెయ్యని బరువు. "నువ్వు దూరం పో బిడ్డా! నన్నిడిచిపెట్టు, దూరం పో!" అని అరుస్తున్నాడు. నేను పోలేదు. ధైర్యం ఉండి కాదు, కాళ్లు రాలేదు.

నీళ్ల ట్యాంకరు డ్రైవరొకాయన పరుగెత్తుకొచ్చాడు. బానెట్టు లేపి, గాలి పోయే గొట్టం పీకి, ఆ రంధ్రానికి తన తువ్వాలు అడ్డం పెట్టాడు. ఇంజన్ తువ్వాలును లోపలికి లాక్కుంది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, "మందం బట్టేమన్న ఇయ్యక్కా! జల్ది! దాని ఊపిరి మూస్తెనే ఆగుతది!" అని అరిచాడు. నాకు ఏమీ కనిపించలేదు. ముందు కనిపించింది బాపుకే. తన కిందున్న గొంగడిని ఒక్క గుంజు గుంజి, పరుపు మీద ఒరిగిపోతూనే తలుపు లోంచి నా మీదికి విసిరాడు. దాన్ని నాలుగు మడతలు వేసి నేనూ డ్రైవరూ కలిసి ఆ రంధ్రం మీద నొక్కి పెట్టాం. గొంగడి లోపలికి పీల్చుకుపోయి రాయిలా బిగుసుకుంది. ఇంజన్ దగ్గింది, బండిని ఇటూ అటూ కుదిపింది, ఆగింది.

ఆ నిశ్శబ్దంలో నాకు బాపు గొంతు వినిపించింది. "ఆగిందా బిడ్డా? ఆగిందా?" ఎందుకు అడుగుతున్నాడో నాకు తెలియలేదు. ఆగితే బాగుండునని అడుగుతున్నాడా, ఆగిపోయిందేమోనని అడుగుతున్నాడా? నేను అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను. నాకు ఎక్కడ పడితే అక్కడ ఏడవడం అలవాటు లేదు.

బాపును దవాఖాన వాళ్ల బండిలో ఇంటికి చేర్చారు. మా బండిని తాడు కట్టి షెడ్డుకు లాగారు. ఈసారి మెకానిక్ గుర్రం మాట ఎత్తలేదు. డీజిల్ చిమ్మే నాజిళ్లు నాలుగూ విప్పి, ఒక్కో రంధ్రంలో గడియారం లాంటిది బిగించి, నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు. లోపల పిస్టన్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో అది చూపిస్తుందట. డీజిల్ ఇంజన్‌లో మంట అంటించేది ఆ నొక్కుడే, వేరే ఏమీ లేదని చెప్పాడు. మొదటిది, రెండోది ఏదో ఒక మోస్తరుగా ఉన్నాయి. మూడోదానికి ముల్లు సగం కూడా ఎక్కకుండా పడుకుంది. వాడు మూతి విరిచాడు.

"వాల్వులన్న పోయుండాలె, రింగులన్న పోయుండాలె" అంటూ నూనె డబ్బా తీసి, మూడో రంధ్రంలో కొంచెం ఆయిలు పోశాడు. మళ్లీ కొట్టమన్నాడు. ముల్లు లేచింది. ఆయిలు వెళ్లి పిస్టన్ చుట్టూ ఉన్న సందు మూసిందన్నమాట. అంటే గాలి వాల్వుల్లోంచి కాదు, పిస్టన్‌కు తొడిగిన రింగుల పక్కనుంచి కిందికి కారిపోతోంది. అదే దారిన ఆయిలు పైకి వస్తోంది. నేను గుర్తు దాటి పోసిందంతా అలా పైకెక్కింది. ఇంజన్ ఆ రోజు డీజిల్‌తో కాదు, తన ఆయిలే తాగి పరుగెత్తింది. అందుకే తాళానికి ఆగలేదు.

"కంప్రెషన్ పోయిందక్కా. ఎక్కువసేపు ఊకెనే నడిపిస్తుంటివా దీన్ని? బండి నిలవెట్టి?"

"బాపు ఉంటే ఆపను."

"ఎంతసేపు?"

"పూటంతా."

వాడు చేతులు తుడుచుకోవడం ఆపేశాడు. "గదే చంపింది. ఊకె నడిస్తె లోపట సరిగ్గ వేడెక్కదు, డీజిల్ సగమే కాల్తది. మసి పోయి రింగులకంటుకుంటది. గవి కదలకుంట బిగుసుకుంటయి. సైకిల్ పంపుల తోలు ఎండిపోతె ఎంత కొట్టినా గాలి రాదు గదా, గట్ల. నువ్వు ఆగొద్దని నడిపినవ్, గందుకే ఇట్లయింది."

నాకు కోపం పొంగింది. "హీటర్ ప్లగ్గులన్నవు, గుర్రమన్నవు. అప్పుడు గీ గడియారం ఏడ వెట్టినవ్ నువ్వు?" అని అరిచాను. వాడు తల గోక్కుని, "అప్పుడు నేనేడ చూసిన అక్కా, నాకూ తొందరే" అన్నాడు. వాడిని తిట్టినంతసేపూ నాకు కొంచెం హాయిగా ఉంది. ఆపగానే మళ్లీ భయం వచ్చి కూర్చుంది.

ఇంజన్ విప్పితే కానీ తెలియదన్నాడు. బోరు గోడకు గాయాలు పడి ఉంటే పాత ఇనుము కింద అమ్ముకోవడమే. ఇంజన్ అమ్ముడుపోతే బాపు కాలు ఎట్లా అన్నది నా లెక్క.

ఈలోగా వారం గడిచింది, ఇంకో వారం వచ్చింది. దవాఖాన వాళ్ల బండి కట్టు కోసమైతే రాదన్నారు. ఒకసారి ఆటో మాట్లాడి తీసుకుపోదామని చూశాం. ఎక్కించేటప్పుడే మడమ ఇనుపకడ్డీకి తగిలి కట్టు ఎర్రబడింది. దించేశాం. అవ్వ ఇంట్లోనే కడిగి కట్టు కట్టడం మొదలుపెట్టింది. ఒక పొద్దున గదిలోకి వెళ్తే వాసన వచ్చింది. చిన్న వాసనే. అవ్వ ఊదుబత్తి వెలిగించింది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. నేను ఫోనులో ఫోటో తీసి డాక్టరమ్మకు చూపించడానికి దవాఖానకు పోయాను. ఆమె చాలాసేపు చూసి, "దీంట్లో లోతు తెలియదమ్మా. తీసుకురండి. ఇంకా ఆలస్యం చేస్తే నేను మాటివ్వలేను" అంది. అక్కడి నుంచి నేరుగా షెడ్డుకు వెళ్లాను.

నేను వెళ్లేసరికి ఇంజన్ హెడ్డు కింద పెట్టి ఉంది. పిస్టన్లు బయటికి తీసి, డీజిల్ గిన్నెలో నానబెట్టాడు. ఒకటి తీసి నా చేతికిచ్చాడు. రింగు గాడిలో నల్లగా బిగుసుకుపోయి ఉంది, గోరుతో కదిలిస్తే కదల్లేదు. తర్వాత టార్చి లైటు వేసి బోరులోకి వేలు పెట్టి చుట్టూ తడిమాడు. నేను ఊపిరి బిగబట్టాను. డాక్టరమ్మ మడమ తడిమేటప్పుడు కూడా నేను ఇలాగే నిలబడతాను. వాడు వేలు బయటికి తీసి చూసుకుని, "గాయాల్లేవు. అద్దం లెక్క నున్నగైంది, గంతే. రుద్ది కొంచెం గరుకు చేసి కొత్త రింగులేస్త" అన్నాడు. నా కళ్లలో నీళ్లొస్తే, "పొగక్కా, ఈడ పొగ ఎక్కువ" అన్నాడు. ఆ ఒక్క మాటకు గుర్రం సంగతి మాఫీ చేశాను.

రెండు రోజుల్లో బిగించాడు. మళ్లీ గడియారం పెట్టి చూశాడు, నాలుగు ముళ్లూ ఒకే తీరుగా లేచాయి. తాళం చెవి ఇస్తూ వేలెత్తి చెప్పాడు. "ఊకె నడపొద్దు. ఎత్తుల మీద నడుపు, బరువేసి నడుపు, అప్పుడే రింగులు కూసుంటయి. నిలవెడితె మాత్రం ఆపు. బాపు లోపలున్నా సరే ఆపాలె. లేకుంటె మళ్ల ఇదే కథ."

ఆ చివరి మాటే నన్ను దారంతా తొలిచింది.

ఇంటికొచ్చి చెప్పాను. బాపు వినీ విననట్టు మోకు వైపు చూస్తూ పడుకున్నాడు. "ఆపుతె నేనెక్క" అన్నాడు చివరికి.

"రేపు పోకుంటె కాలు తీస్తరు బాపూ."

"తియ్యనీ."

"తియ్యనీయనా? మొత్తం పోతా అన్నది ఎవలు?"

అవ్వ వంక కోపంగా చూశాడు, చెప్పేసినందుకు. తర్వాత గొంతు తగ్గించి, "నీకు తెల్వది బిడ్డా. ఎనుక పండుకుంటె నాకు రేకు తప్ప ఏం కనవడదు. గది ఆగితె... ఆగితె నేనేం జెయ్యాలె? చెట్టు మీద గూడ గింత భయం గాలె నాకు" అన్నాడు.

"మరి నాకు?" అని అరిచాను. "నాకు భయం గాదా? ఏడాది నుంచి గా తాళంచెవి దిక్కు నా చెయ్యే పోతలేదు. నీ కోసం నడిపీ నడిపీ నీ కాలు మీదికే తెచ్చిన." అంటూనే కూలబడ్డాను. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. మా ఇంటాయన డ్యూటీ బ్యాగు భుజానికి వేసుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు.

బాపు తల నా వైపు తిప్పాడు. "ముంగట కూసుంట."

"నువ్వు కూసోలేవు."

"ఆ మోకు తే."

మేకు మీంచి మోకు తీస్తే పొరలు పొరలుగా దుమ్ము రాలింది. మర్నాడు పొద్దున నేనూ, మా ఇంటాయనా, పక్కింటాయనా కలిసి బాపును ముందు సీట్లో కూర్చోబెట్టాం. ఒరిగిపోయాడు. సీటు చుట్టూ మోకు తిప్పి ఆయనే తన నడుముకు కట్టుకున్నాడు. ముడి మమ్మల్ని ముట్టనివ్వలేదు. ఒకసారి వెనక్కి బరువు వేసి లాగి చూసుకున్నాడు. చెట్టెక్కే ముందు కూడా అలాగే చూసుకునేవాడని అవ్వ నాతో తర్వాత చెప్పింది. కాలు కింద దిండు పెట్టి, గొంగడి చుట్టి, రేకుకు తగలకుండా చేశాం.

హీటర్ లైటు ఆరేదాకా ఆగి సెల్ఫ్ కొట్టాను. ఒక్క తిప్పుకే అందుకుంది. పల్లానికి జారకుండానే, అక్కడే నిలబడి. మెకానిక్ చెప్పినట్టు కట్ట మీది దారిన, రంగనాయక సాగర్ పక్కనుంచి, ఎత్తు మీద రెండో గేరులో బరువుగా ఎక్కించాను. ఇంజన్ గట్టిగా ఊపిరి తీసింది కానీ దగ్గలేదు. బాపు రెండేళ్ల తర్వాత రోడ్డును ఎదురుగా చూస్తున్నాడు. గుంత వచ్చిన ప్రతిసారీ, "గుంత" అని నాకు చెప్పాడు.

దవాఖాన ఆవరణలో అదే చెట్టుకు ఎదురుగా నిలబెట్టాను. ఇంజన్ నడుస్తోంది. నా చెయ్యి తాళం చెవి దాకా వెళ్లి ఆగింది. ఎంత సిగ్గుపడినా ఇంక ముందుకు కదల్లేదు. ఈ బండికి తాళం డాష్‌బోర్డు మధ్యలో ఉంటుంది. బాపు మోకు మీద బరువు వేసి ముందుకు వంగాడు, చెయ్యి చాచాడు, తిప్పాడు. ఆగింది. మేమిద్దరం ఒకరి ఊపిరి ఒకరం విన్నాం. ఆయన నుదుటి మీద చెమట పట్టింది, పిడికిలి మోకు మీద బిగుసుకుని ఉంది.

డాక్టరమ్మ కట్టు విప్పి, కడిగి, సన్నటి పుల్లతో లోతు చూసింది. నేను గోడ వైపు తిరిగాను. "ఎముక దాకా పోలేదు" అంది. "ఇంకో వారం ఆగి ఉంటే ఏమయ్యేదో. కాలు ఉంటుంది. వారం వారం రావాలి మరి." బాపు తల ఊపాడు. "అస్త అమ్మా. కూసొనే అస్త" అన్నాడు. ఆమెకు ఆ మాట అర్థమై ఉండదు.

తిరిగి బండెక్కాక తాళం చెవి నా చేతిలోంచి తీసుకున్నాడు. చెట్టెక్కే ముందు మోకును కళ్లకద్దుకున్నట్టే దాన్ని కళ్లకద్దుకుని, తిప్పాడు. అందుకుంది. నేను గేరు వేయబోతుంటే, "ఆగు" అన్నాడు.

చెయ్యి చాచి మళ్లీ ఆపేశాడు.

"ఏందే బాపూ?"

"ఏం లేదు. జరసేపు ఉండనీ" అన్నాడు. ఆగిన బండిలో, మోకు కట్టుకుని, చెట్టు కింద అన్నం తింటున్న వాళ్లను చూస్తూ కూర్చున్నాడు. నేనూ పక్కనే కూర్చున్నాను.